తుక్కు రాయితీ చిన్న బండ్లవారికి అందాలి

పాత వాహనాన్ని తుక్కుకిచ్చి కొత్తది కొంటే రోడ్డు పన్నులో సొంత వాహనాలకు 25 శాతం, రవాణా వాహనాలకు 15 శాతం వరకు ఇచ్చే రాయితీ, ఎక్కువగా ఎలాగూ కొనబోయేవారికే దక్కుతోంది. పదిహేనేళ్ల ట్రాలీ ఆటోను వదిలేవారు కొనేది మరో సెకండ్ హ్యాండ్ బండే. పాత బండిని అప్పగించినట్టు తుక్కు కేంద్రమిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ చేతిలో ఉన్నా కొత్త బండి మీది పన్ను తగ్గింపు వారికెందుకు? ఆ సర్టిఫికెట్‌ను వేరొకరికి అమ్ముకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు కూడా. 2009లో అమెరికా ప్రభుత్వం పాత కారును తుక్కుకిచ్చి కొత్తది కొన్నవారికి కారుకు 3,500 లేదా 4,500 డాలర్ల చొప్పున, మొత్తం దాదాపు 300 కోట్ల డాలర్లు ఇచ్చింది. జులై, ఆగస్టుల్లో అమ్మకాలు ఎగిశాయి, సెప్టెంబరులో పడిపోయాయి. తర్వాత కొనాల్సినవారు ముందే కొన్నారు, అంతే. పైగా ఆ పాత కార్ల ఇంజన్లలో ఆయిల్ తీసి సోడియం సిలికేట్ ద్రావణం పోసి నడపడంతో అవి బిగుసుకుపోయి, మళ్లీ వాడదగ్గ ఇంజన్ భాగాలూ నాశనమయ్యాయి. మన రాష్ట్ర ప్రభుత్వాలు 15 ఏళ్లు దాటిన చిన్న రవాణా వాహనాలకైనా ఈ రాయితీని నగదుగా మార్చి, సర్టిఫికెట్ ఇచ్చిన రోజే యజమాని ఖాతాలో వేయాలి. వారు తక్కువ కాలుష్యం వదిలే బీఎస్-6 ప్రమాణాల సెకండ్ హ్యాండ్ బండి కొంటే పేరు మార్పిడి రుసుము మాఫీ చేయాలి.