కొత్త కీబోర్డు ఆర్డర్ పెట్టకు

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ చూసి నవ్వాగలేదు, ఏమీ అనుకోకు. సర్వర్‌లో విమ్ ఎడిటర్ మొరాయిస్తోందని ఇక్కడ కీబోర్డు మార్చేస్తానంటావేంట్రా! అదే కీబోర్డు మిగతా అన్నిచోట్లా బాగానే పనిచేస్తోంది కదా?

పైబాణం నొక్కితే కొత్త లైన్ పుట్టి, అందులో ఇంగ్లీషు 'ఏ' అక్షరం పడుతోందన్నావు. బాణం కీ ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే నువ్వు సర్వర్‌లోకి వెళ్లే కనెక్షన్‌లో, ఒకే ముక్కగా వెళ్లదు. ఎస్కేప్, ఇంగ్లీషు పెద్ద 'ఓ', పెద్ద 'ఏ' అని మూడుగా వెళ్తుంది. విమ్ తన పాత తరం ఎడిటర్ వీఐలా, అంటే కంపాటిబుల్ మోడ్‌లో నడుస్తుంటే ఆ మూడూ కలిపి ఒక కీ అని గుర్తుపట్టదు. ఎస్కేప్ రాగానే ఇన్సర్ట్ మోడ్ (టైప్ చేసే మోడ్) వదిలేస్తుంది, 'ఓ'ని ఆదేశమనుకుని పైన కొత్త లైన్ తెరుస్తుంది, ఇక 'ఏ' అందులో పడుతుంది. పాపం, చెప్పింది చెప్పినట్టే చేసింది! విమ్ సెట్టింగ్స్ ఫైల్ విమ్‌ఆర్‌సీలో 'సెట్ నోకంపాటిబుల్' అని ఒక్క లైన్ పెట్టు.

బ్యాక్‌స్పేస్ నొక్కితే చెరగట్లేదన్న గొడవ వేరు. కొన్ని టెర్మినళ్లు (ఆదేశాలు టైప్ చేసే విండోలు) దానికి 127 అనే కోడ్ పంపుతాయి, కొన్ని 8. ఇన్సర్ట్ మోడ్‌లో కంట్రోల్-వీ కొట్టి బ్యాక్‌స్పేస్ నొక్కు. ^? కనిపిస్తే 127, ^హెచ్ కనిపిస్తే 8. విమ్ బయట, ఆదేశాలు కొట్టే షెల్‌లో కూడా చెరగకపోతే, 'ఎస్‌టీటీవై ఎరేజ్' అని కొట్టి, స్పేస్ ఇచ్చి, మళ్లీ కంట్రోల్-వీ, బ్యాక్‌స్పేస్, ఎంటర్. విమ్‌లో మాత్రమే అయితే ':సెట్ టీ_కేబీ=' అని కొట్టి, కంట్రోల్-వీ, బ్యాక్‌స్పేస్, ఎంటర్; ':ఫిక్స్‌డెల్' సరిచేసేది డిలీట్ కీని.

ఎవరో చెప్పారని టెర్మినల్ రకం చెప్పే టర్మ్ వేరియబుల్‌ని ఎక్స్‌టర్మ్ చేసి, షెల్ సెట్టింగ్స్ ఫైల్ బాష్‌ఆర్‌సీలో పడేయకు. ఒకే విండోలో చాలా టెర్మినళ్లు నడిపే టీమక్స్ లోపల ఆ పేరు స్క్రీన్ అనో టీమక్స్ అనో మొదలవ్వాలి, లేకపోతే కొత్త తలనొప్పి. నీ టెర్మినల్ పేరే సర్వర్‌కి తెలియకపోతే, ఇక్కడ 'ఇన్ఫోసీఎంపీ' ఆదేశం ఇచ్చే వివరాలు తీసుకెళ్లి అక్కడ 'టిక్' ఆదేశానికి ఇవ్వు.

నేనేమీ తక్కువ తినలేదులే. అలవాటుగా సేవ్ చేద్దామని కంట్రోల్-ఎస్ కొట్టాను, స్క్రీన్ బిగుసుకుపోయింది. నెట్ పోయిందనుకుని విండో మూసేశా. మళ్లీ తెరిస్తే స్వాప్ ఫైల్ (సేవ్ కాని మార్పులు దాచే ఫైల్) ఉందంటూ విమ్ హెచ్చరిక, నాకు టెన్షన్! తీరా చూస్తే కంట్రోల్-క్యూ కొడితే సరిపోయేదట. ఇప్పుడు కంట్రోల్-ఎస్ బిగింపు రాకుండా 'ఎస్‌టీటీవై -ఇక్సాన్' పెట్టుకున్నాను.

ఎస్కేప్ నొక్కాక అరసెకను ఆలస్యం అన్నావు కదా, అది పాత టీమక్స్ పని. అందులో ఎస్కేప్-టైమ్ అనే సెట్టింగ్ 500 మిల్లీసెకన్లు ఉంటుంది, 10 చెయ్.

రాత్రికి ఆ కంట్రోల్-వీ పరీక్ష చేసి ఏం కనిపించిందో పంపు. డిలీట్ కీ కూడా చూడు, అదీ తేడాగానే ఉంటుందని నా అనుమానం.

నీ
మామ