క్యాజువాలిటీ గేటు దగ్గర సీనియర్ డాక్టరు ఉండాలి

సంపాదకులకు,

44వ నంబరు జాతీయ రహదారిపై బస్సు బోల్తా పడితే కర్నూలు, అనంతపురం పెద్దాసుపత్రులకు ఒక్కసారిగా పదుల మంది వస్తారు. ముందు ఆటోల్లో దిగేది చిన్న దెబ్బలవాళ్లు. మంచాలన్నీ వాళ్లతో నిండిపోయాక, రేకులు కోసి బయటికి తీసినవాళ్లను 108లో తెస్తారు. అప్పటికి చోటుండదు. అందుకే డ్యూటీలో ఉన్నవారిలో బాగా అనుభవమున్న డాక్టరు లోపల కుట్లు వేస్తూ ఉండిపోకూడదు, అంబులెన్స్ ఆగేచోట నిలబడాలి.

ఒక్కొక్కరికి అర నిమిషం చాలు. నడవగలిగితే ఆకుపచ్చ పట్టీ కట్టి ఓపీ హాలుకు పంపాలి. శ్వాస నిమిషానికి 30 దాటినా, మణికట్టు దగ్గర నాడి అందకపోయినా, ‘పిడికిలి బిగించు’ అంటే బిగించలేకపోయినా ఎర్ర పట్టీ, అంటే వెంటనే వైద్యం. మిగతావారికి పసుపు, అంటే కాసేపు ఆగగలరు. గడ్డం పైకెత్తి గాలిదారి తెరిచినా ఊపిరి ఆడకపోతే నలుపు, అంటే ఇక బతికే ఆశ లేదని. ఈ చివరి నిర్ణయాన్ని హౌస్ సర్జన్ల నెత్తిన వేయడం అన్యాయం. కారే రక్తాన్ని ఒత్తి ఆపడం, గాలిదారి తెరవడం తప్ప గేటు దగ్గర వైద్యం మొదలుపెట్టకూడదు. పెడితే వెనక వరుస ఆగిపోతుంది.

పసుపు పట్టీవాళ్లను మళ్లీ మళ్లీ చూడాలి. పొట్టలో రక్తం కారుతున్న మనిషి కాసేపు బాగానే మాట్లాడతాడు. అలాంటివారికి రక్తస్రావం తగ్గించే మందు ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము పది నిమిషాల్లో ఎక్కించాలి, అదీ దెబ్బ తగిలిన 3 గంటల్లోపే; దాటితే కీడే ఎక్కువ. కాబట్టి ప్రమాదం జరిగిన సమయం పట్టీ మీద రాసి ఉండాలి.

ప్రతి షిఫ్టు డ్యూటీ చార్టులో గేటు దగ్గర నిలబడే బాధ్యత ఎవరిదో పేరుతో రాయాలని, ఆరు నెలలకోసారి రాత్రిపూట రిహార్సల్ జరపాలని సూపరింటెండెంట్లను కోరుతున్నాం.

— అత్యవసర వైద్యులు, కర్నూలు