చావు కూడా నిలవని కథలు

సంపాదకులకు నమస్కారం.

సూపర్‌హీరో సినిమాల గురించి మీ సినిమా పేజీలో కొన్నాళ్లుగా వస్తున్న పాఠకుల అభిప్రాయాలను వదలకుండా చదువుతున్నాను. రాసినవారిలో ఎక్కువమంది తేల్చిన మాట ఒక్కటే: గ్రాఫిక్స్ పెరిగి కథ చచ్చిపోయింది, కళ్లు జిగేలుమనడం తప్ప మనసుకు పట్టేదేమీ మిగల్లేదు. కథ పలచబడిందన్న మాటతో నాకు పేచీ లేదు. ఆ నేరాన్ని దృశ్య వైభవం నెత్తిన రుద్దడం మాత్రం అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టే ఉంది.

మనిషి ఎగురుతాడని చెప్పే కథకు ఆ ఎగరడాన్ని కళ్లకు కట్టడం అదనపు హంగు కాదు. 1978 నాటి ‘సూపర్‌మ్యాన్’ ప్రచారం, మనిషి ఎగరగలడని మీచేత నమ్మిస్తామన్న ఒక్క హామీ మీదే నడిచింది. కాబట్టి అడగవలసింది హంగు ఎంత ఉందని కాదు, ఆ హంగు ముగిశాక కథలో ఏం మారిందని, ఆ మార్పు ఎంతకాలం నిలిచిందని.

2004లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్ 2’లోని రైలు ఘట్టాన్ని ఈ మధ్య మళ్లీ చూశాను. విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఆస్కార్ అందుకున్న సినిమా అది. హంగులు తక్కువని ఎవరూ అనలేరు. అదుపు తప్పిన రైలు పట్టాల చివరికి దూసుకుపోతుంటే, కథానాయకుడు దాని ముందు భాగానికి వీపు ఆనించి, రెండు వైపులా ఉన్న భవనాలకు సాలెదారాలు విసిరి, వాటిని చేతులతో బిగబట్టి ఆపుతాడు. దారాలు సాగుతాయి, దుస్తులు చిరుగుతాయి, చివరికి రైలు ఆగుతుంది, అతడు స్పృహ తప్పి ముందుకు ఒరిగిపోతాడు. ఇంతవరకూ ఉన్నది కండబలమే. అసలు ఘట్టం ఆ తర్వాత మొదలవుతుంది. లోపలి ప్రయాణికులు చేతులు చాచి అతన్ని పడిపోకుండా పట్టుకుంటారు, తలల మీదుగా ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ తీసుకెళ్లి మెల్లగా కింద పడుకోబెడతారు. ముసుగు లేని ఆ ముఖాన్ని చూసి ఒక ప్రయాణికుడు, ఇంకా కుర్రాడే, మా అబ్బాయి కంటే పెద్దవాడు కాదు అని నివ్వెరపోతాడు. ఇద్దరు పిల్లలు ఆ ముసుగు తెచ్చి చేతికిచ్చి, ఎవరికీ చెప్పం అంటారు. ఆ రైలును ఆపడానికి అతడు ఎంత నలిగిపోయాడో చూపించినది గ్రాఫిక్సే. అది చూడకపోతే, ఆ చేతులు అతన్ని మోస్తున్నప్పుడు మన గొంతుకు ఏదీ అడ్డుపడదు. అక్కడ హంగు కథను మింగలేదు, ఆ ప్రయాణికుల్లాగే మోసింది.

దీని పక్కన 2018 నాటి ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ ముగింపును పెట్టి చూద్దాం. ప్రతినాయకుడు థానోస్ వేసిన ఒక్క చిటికెతో ప్రాణికోటిలో సగం ధూళిగా రాలిపోతుంది. తనకు పోవాలని లేదంటూ కుర్ర స్పైడర్‌మ్యాన్, తనకు పెద్దదిక్కైన ఐరన్‌మ్యాన్ టోనీ స్టార్క్‌ను పట్టుకుని రాలిపోయే క్షణాన్ని ఎంతో బాగా తీశారు, నేనూ చలించాను. అయితే అదే కుర్రవాడితో తర్వాతి సినిమా 2019లో రానున్నదని అప్పటికే ప్రకటన వెలువడి ఉంది, థియేటర్లో కళ్లు తుడుచుకున్నవారిలో చాలామందికి ఆ సంగతి తెలుసు కూడా. ఏడుస్తూనే, ఇది ఉత్తుత్తి చావేనని లోపల ఎక్కడో నిబ్బరంగా ఉండగలిగే ఒక వింత స్థితికి ఈ సినిమాలు ప్రేక్షకుడిని అలవాటు చేశాయి. అదే సినిమా మొదట్లో ప్రాణాలు విడిచిన, థోర్ తమ్ముడు లోకీ, వేరే కాలరేఖ నుంచి వచ్చిన లోకీగా, 2021లో తన పేరుతోనే ఒక సిరీస్ నడిపాడు. బహుళ విశ్వాలన్న ఆలోచన చేతికి దొరికాక రచయితలకు చావు అనేది బదిలీ ఉత్తర్వు లాంటిదైపోయింది. ఈ లోకంలో ఖాళీ ఏర్పడితే పక్క లోకం నుంచి ఒకరిని తెచ్చి భర్తీ చేస్తారు.

నన్ను ఎక్కువగా బాధించినది మాత్రం, లోహపు గోళ్ల వీరుడు వుల్వరీన్ అలియాస్ లోగన్ సంగతి. 2017లో వచ్చిన ‘లోగన్’లో ఆయన ముసలివాడవుతున్నాడు, గాయాలు మునుపటిలా మానడం లేదు, పిడికిలి లోంచి రావలసిన గోళ్లలో ఒకటి సగంలోనే ఆగిపోతే చేత్తో లాగి బయటకు తీసుకోవలసి వస్తుంది. బతుకుతెరువు కోసం అద్దె కారు నడుపుతుంటాడు. ఆ ఇరుక్కున్న గోరు ఒక్కటి చాలు, పాత్ర గురించి పది పేజీల సంభాషణ చెప్పలేనిది చెప్పడానికి. ఆ సినిమా చివర ఆయన నిజంగానే చనిపోతాడు, ఆయన కాపాడిన చిన్నపిల్ల సమాధి మీది శిలువను పీకి ఏటవాలుగా ‘ఎక్స్’ గుర్తులా పాతి వెళ్లిపోతుంది. స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ నామినేషన్ ఊరికే రాలేదు. ఏడేళ్లు తిరిగేసరికి, 2024లో, ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరీన్’ ప్రారంభ ఘట్టంలో ఆ సమాధిని తవ్వారు. మాటవరసకు అనడం లేదు: నిజంగానే తవ్వి, ఆ లోహపు అస్థిపంజరాన్ని బయటకు లాగి, ఆ ఎముకలనే ఆయుధాలుగా చేసుకుని, పాట పెట్టి నృత్యం చేస్తూ శత్రువులను చంపుతాడు కథానాయకుడు డెడ్‌పూల్. నేను నవ్వలేదని చెప్తే అబద్ధమవుతుంది. ఆ హాస్యం తాను చేస్తున్న పని ఏమిటో తెలిసి చేస్తున్న హాస్యమే, సినిమా కూడా వంద కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఇంటికి వచ్చి ‘లోగన్’ చివరి ఘట్టం మళ్లీ పెట్టుకుంటే మాత్రం మునుపటిలా చూడలేకపోయాను.

ఇది రచయితల చేతగానితనం కాదు, తయారీ పద్ధతి. ఎన్నో ఏళ్ల తర్వాత రాబోయే సినిమాలకు కూడా విడుదల తేదీలు ముందే ప్రకటించేస్తారు, కథ ఆ తేదీని అందుకోవాలి. పెద్ద పోరాట ఘట్టాలను చిత్రీకరణకు ముందే కంప్యూటర్‌లో బొమ్మలుగా నడిపి చూసుకునే ప్రీవిజ్ అనే పని సాగుతుంది. దర్శకుడి చేతిలో ఉంటే ఎంతో మేలు చేసే పనే అది. అయితే అర్జెంటీనా దర్శకురాలు లుక్రేసియా మార్టెల్, ఒక చిత్రం కోసం, ఈ అవెంజర్స్ సినిమాలు తీసే మార్వెల్ సంస్థ తనను సంప్రదించినప్పుడు, పోరాట ఘట్టాల గురించి బెంగపడనక్కరలేదు, అవి మేం చూసుకుంటామన్నారని 2018లో వెల్లడించారు. ఎవరు ఎవరిని ఎందుకు కొడుతున్నారో తెలిసినవారు ఒకరు, ఆ దెబ్బలు తీసేవారు మరొకరు అయినప్పుడు రైలు ఘట్టం వంటిది పుట్టే అవకాశం ఎక్కడిది?

ఇదే సందర్భంలో, ఈ సినిమాలు థీమ్ పార్కుల వంటివని 2019లో హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సీసీ అన్న మాటను మీ పాఠకులు కొందరు గుర్తుచేశారు. ఆయన మాట మొత్తంగా చూస్తే కొంచెం కఠినమే, పైగా కొన్ని మంచి సినిమాలకు అన్యాయం చేస్తుంది. కానీ ఆ పోలికలో ఒకటి నిజం. రోలర్‌కోస్టర్ ఎంత తలకిందులు చేసినా ఎక్కిన చోటే దింపుతుంది.

ప్రేక్షకులకు ఇదే కావాలి కనుక ఇదే ఇస్తున్నారన్న వాదన ఒకటుంది. దానికి సమాధానం వసూళ్లలోనే ఉంది. ‘ఇన్ఫినిటీ వార్’కు కొనసాగింపుగా 2019లో వచ్చి దాదాపు 280 కోట్ల డాలర్లు రాబట్టిన ‘ఎండ్‌గేమ్’ మూడు గంటల సినిమా, అందులో మొదటి గంట దాదాపు పోరాటాలే లేకుండా పోయినవారి కోసం విలపిస్తూ గడుస్తుంది. 2008లో మొదలైన కథ ముగుస్తుందన్న ఆశతోనే జనం అంతగా వచ్చారని, టోనీ స్టార్క్ మరణం అంతగా కదిలించింది కూడా అది ముగింపు కనుకనేనని నేను అనుకుంటున్నాను. 2023లో వచ్చిన ‘ది మార్వెల్స్’ అర్థం కావాలంటే అంతకుముందు సినిమాలే కాదు, సిరీస్‌లు కూడా చూసి ఉండాలి. దాదాపు 20 కోట్ల డాలర్ల దగ్గర ఆగి, మార్వెల్ సినిమాల వరుసలోకెల్లా తక్కువ వసూళ్ల చిత్రమైంది. మరీ ఎక్కువ తీసి దృష్టి చెదరగొట్టుకున్నామని మార్వెల్ యజమాని డిస్నీకి అప్పటి అధిపతి బాబ్ ఐగర్ కూడా అదే ఏడాది ఒప్పుకున్నారు. పాఠం నేర్చుకున్నారనుకునేలోపే, టోనీ స్టార్క్‌గా కన్నుమూసిన రాబర్ట్ డౌనీ జూనియర్‌నే ప్రతినాయకుడి ముసుగు తొడిగి వెనక్కి తెస్తున్నామని 2024లో ప్రకటించారు.

తప్పులో మాకూ వాటా ఉందని ఒప్పుకోవాలి. సినిమా అయిపోయాక చిట్టచివర తర్వాతి సినిమాను ఊరిస్తూ వచ్చే అర నిమిషం తునక కోసం అందరితోపాటు నేనూ కదలకుండా కూర్చుంటాను. ఆ లోపు తెర మీద వందల కొద్దీ విజువల్ ఎఫెక్ట్స్ పనివారి పేర్లు పైకి జరిగిపోతుంటాయి. ఒక్కటి కూడా చదవం. 2023లో మార్వెల్ విజువల్ ఎఫెక్ట్స్ ఉద్యోగులు యూనియన్ కోసం ఏకగ్రీవంగా ఓటు వేసినప్పుడు గానీ అంతమంది మనుషులు అక్కడ పనిచేస్తున్నారన్న ధ్యాస నాకు కలగలేదు. తునక వచ్చి వెళ్తుంది. మెట్లు దిగుతూ జనం మాట్లాడుకునేది దాని గురించే. అప్పుడే చూసిన రెండున్నర గంటల కథను ఎవరూ ఎత్తరు.

మీ సమీక్షకులకు ఒక విన్నపం. ‘గ్రాఫిక్స్ అదుర్స్, కథ బలహీనం’ అన్న వాక్యాన్ని కొన్నాళ్లు పక్కనపెట్టి, ఈ సినిమాలో జరిగినవాటిలో తర్వాతి సినిమాకు చెరిగిపోనివి ఏమిటో రెండు మూడు వాక్యాల్లో రాయగలరేమో చూడండి. ఏమీ దొరక్కపోతే ఆ మాటే రాయండి. టిక్కెట్టు కొనాలో వద్దో మేం తేల్చుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకుడు