బుజ్జమ్మకి, గ్యాస్ సెల్ కొనేముందు

గుంటూరు, బ్రాడీపేట
ఆదివారం

చిరంజీవి బుజ్జమ్మకి నాన్న దీవించి రాసేది.

నువ్వు పంపిన మూడు కొటేషన్లూ కళ్ళజోడు పెట్టుకుని రెండేసిసార్లు చదివాను. ఫోన్లో చెబుదామంటే మీ అమ్మ మధ్యలో లాక్కుని తిన్నావా, పడుకున్నావా అని మొదలుపెడుతుంది. అందుకే ఈ ఉత్తరం. గాలిలో అమ్మోనియా కొలవడానికి మీ సారు 10 మీటర్ల సెల్ కొనెయ్యమన్నారట. గ్యాస్ నింపి దానిగుండా ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పంపే డబ్బానే కదా ఈ సెల్, మీటర్లంటే లోపల ఆ వెలుగు నడిచే దూరం. ఆ మీటర్ల సంగతి తర్వాత. ముందు కిటికీలు చూడు, అదే వెలుగు లోపలికీ బయటికీ పోయే బిళ్ళలు. చవకైన కొటేషన్లో కాల్షియం ఫ్లోరైడ్ అని ఉంది చూశావా, అక్కడే నాకు గుండె కలుక్కుమంది.

నేను కాలేజీ ల్యాబ్‌లో చేరిన కొత్తలో మాకున్నది 10 సెంటీమీటర్ల గాజు సెల్, రెండు చివరలా పొటాషియం బ్రోమైడ్ బిళ్ళలు. 400 తరంగసంఖ్య (సెంటీమీటరుకి ఎన్ని అలలో ఆ లెక్క) దాకా వెలుగుని పోనిస్తాయి, ధరా తక్కువే. కాకపోతే అదీ ఉప్పు జాతే, తేమ తగిలితే అంతే సంగతులు. ఒక శ్రావణమాసంలో రాత్రంతా కరెంటు పోయి ఏసీ ఆగింది. పొద్దున్నే వెళ్ళి చూస్తే సిలికా జెల్ నీలం పోయి గులాబీ రంగుకి తిరిగింది, బిళ్ళలు మజ్జిగ నీళ్ళలా తెల్లబడ్డాయి. వేళ్ళకి రబ్బరు తొడుగులేసుకుని, మెత్తటి తోలు మీద రెండు చుక్కలు ఆల్కహాల్ వేసి, సున్నాలు చుట్టినట్టు రుద్దుతూ కూర్చున్నాను. గంటకి గానీ వాటి వెనక పెట్టిన పేపర్లో అక్షరాలు కనపడలేదు. ఆ వానాకాలమంతా ఇదే పని. విసుగెత్తి తర్వాతి ఇండెంట్‌లో కాల్షియం ఫ్లోరైడ్ రాసేశాను. తడి తగిలినా దానికి చీమ కుట్టినట్టుండదు మరి.

వచ్చాక అమ్మోనియా నింపి స్పెక్ట్రమ్ (ఏ తరంగసంఖ్య దగ్గర ఎంత వెలుగు పోయిందో చూపే గీత) తీస్తే 931, 967 దగ్గర నిటారుగా నిలబడాల్సిన జంట శిఖరాలు రాలేదు. గ్యాస్ కారిపోయిందేమోనని మళ్ళీ నింపాను. కుళాయిలకి గ్రీజు మార్చాను. మూడో రోజు ఉత్త సెల్ పెట్టి గీత తీస్తే అప్పుడు వెలిగింది: కాల్షియం ఫ్లోరైడ్ 1100 దగ్గర్నుంచి కిందికి వెలుగుని మింగేస్తుంది. నేను వెతుకుతున్నది ఆ చీకట్లోనే ఉంది. అమ్మోనియాకి 1630 దగ్గరా, 3300 పైనా పట్టీలున్నాయి గానీ అవి బలహీనం. పైగా 1630 దగ్గర నీటి ఆవిరి ముందే చాప పరుచుకుని కూర్చుంటుంది. ఆ బిళ్ళలు తర్వాత గోబర్ గ్యాస్ పనికి అక్కరకొచ్చాయిలే. మీథేన్ 3018, కార్బన్ డయాక్సైడ్ 2349, రెండూ వెలుగున్న వైపే.

నువ్వు చూడబోయేదీ కోల్డ్ స్టోరేజీ గాలిలో అమ్మోనియానే కదా. కాబట్టి కాల్షియం ఫ్లోరైడ్ కొట్టెయ్యి. విశాఖ సముద్రపు గాలికి పొటాషియం బ్రోమైడ్ నాలుగు రోజులుండదు, అదీ కొట్టెయ్యి. ఇక మిగిలింది బేరియం ఫ్లోరైడ్, జింక్ సెలినైడ్. మొదటిది 800 దాకా పనికొస్తుంది, తేమకి ఓర్చుకుంటుంది, కానీ ఉన్నట్టుండి వేడి చేస్తే పగుళ్ళిస్తుంది. పసుపుపచ్చగా ఉండేది జింక్ సెలినైడ్. 600 దాకా దిగుతుంది, నీళ్ళకి జంకదు. వచ్చిన వెలుగులో నూటికి 30 వంతులు వెనక్కి కొట్టడమూ, ఆసిడ్ ఆవిరి గిట్టకపోవడమూ దాని లోపాలు. నేనైతే అదే తీసుకుంటాను.

ఇప్పుడు మీటర్లు. మనుషులు పనిచేసే చోట అమ్మోనియా రోజంతా సగటున 25 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 25 వంతులు) మించకూడదంటారు. 10 సెంటీమీటర్ల సెల్‌లో దాన్ని వెలుగు నడిచే దూరంతో గుణిస్తే 2.5 పీపీఎం-మీటర్లే. ఎంత జాగ్రత్తగా తీసినా గీతలో ఉండే సన్నటి వణుకులోంచి (నాయిస్) శిఖరం తల ఎత్తడం కష్టం. అదే 10 మీటర్లయితే 250. మీ సారు మాట తప్పు కాదు. 1942లో వైట్ అనే శాస్త్రవేత్త చెప్పిన ఆ మూడద్దాల అమరికలో వెలుగు చిన్న డబ్బాలోనే అటూ ఇటూ తిరిగి అంత దూరం నడుస్తుంది. కాకపోతే అద్దాల పూత అడుగు. తగిలిన ప్రతిసారీ నూటికి 3 వంతులు పోతే 40 సార్లకి మూడోవంతు కూడా మిగలదు. ఒక్కటే పోతే మూడింట రెండు వంతులు చేతికొస్తుంది. బంగారు పూత అడగడం అందుకే గానీ సోకుకి కాదు.

సెల్ ఎన్ని లీటర్లు పడుతుందో ఏ కొటేషన్లోనూ పైన రాయలేదు, వెనక పేజీలో చిన్నక్షరాల్లో ఉంది: 2 లీటర్లు. లోపలి పాత గాలి పోవాలంటే అయిదింతలు పంపాలి, అంటే 10 లీటర్లు. నువ్వు తెచ్చేది లీటరు సంచులు! పెద్ద సంచులు తెప్పించు. లేదా సెల్‌ని పంపుతో ఖాళీ చేసి నింపుకో, కానీ అప్పుడు లోపలి పీడనం తప్పకుండా రాసుకో. మొదటి రీడింగ్ నమ్మకు. అమ్మోనియా గోడలకి అంటుకుపోతుంది, ఆవకాయ జాడీ ఎంత కడిగినా వాసన వదలనట్టు. కాస్త వేడి చేసి, గ్యాస్‌ని పారనిస్తూ, అంకె నిలకడయ్యేదాకా ఆగు.

నిన్న సాయంత్రం మీ మామయ్య వచ్చాడు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఇరవయ్యేళ్ళుగా కంప్రెసర్ దగ్గరే ఉన్నాడు కదా, కొటేషన్ చూపిస్తే కిటికీలు, మీటర్లు ఏవీ పట్టించుకోలేదు. తిన్నగా ఫిట్టింగుల మీద వేలు పెట్టి, "ఇత్తడి వాల్వా? బావా, అమ్మోనియా లైన్లో ఇత్తడి పెడితే మా ఓనర్ నన్ను గేటు బయట పెడతాడు" అన్నాడు. అమ్మోనియాకి ఇత్తడి పాడవుతుందని నాకు తట్టనే లేదు. స్టెయిన్‌లెస్ స్టీల్ అడుగు. ఓ-రింగులు (గ్యాస్ కారకుండా అతుకుల్లో పెట్టే రబ్బరు చుట్లు) వైటన్ రకం వద్దన్నాడు, అమ్మోనియాకి అది పాడవుతుందట. ఈపీడీఎం అనే వేరే రబ్బరు రింగులు ఓ డజను తన దగ్గరున్నాయి, ఇస్తానన్నాడు. సైజు రాసి పంపు, అమ్మ కారప్పొడి డబ్బాతో పాటే పార్సిల్ చేస్తాను.

నాన్న