మెదక్ చర్చి మెట్ల మీద నన్ను దీవించిన తల్లికి

గత ఆదివారం ఆరాధన ముగిశాక మెదక్ చర్చి మెట్ల మీద నిలబడి, పొలం పంపకాల్లో నన్ను మోసం చేశాడని మా పెదనాన్నగారి కొడుకును ఫోన్‌లో నోటికొచ్చినట్లు శపిస్తున్నప్పుడు నా పక్కకు వచ్చిన పెద్దావిడకు, ఆ రోజు పేరైనా అడగలేకపోయాను కనుక, ఇలా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

అమ్మా, మీరు నన్ను మందలించలేదు. నేను ఫోను పెట్టేసేదాకా ఆగి, కాయలు కాచిన మీ చేతిని నా తలపై ఉంచి, “యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక” అంటూ సంఖ్యాకాండము 6వ అధ్యాయంలోని దీవెనను కళ్లు మూసుకొని చివరిదాకా పలికారు. తర్వాత, “బిడ్డా, ఇదే మాట ఇప్పుడు నువ్వు తిట్టినాయన పేరు పెట్టి చెప్పు” అన్నారు. నాకు నోరు పెగలలేదు. మీరు ఒక్కొక్క మాటే అందిస్తుంటే మూడోసారికి గాని పూర్తి చేయలేకపోయాను.

1979లో యెరూషలేములోని ఒక ప్రాచీన సమాధిలో దొరికిన చిన్న వెండి రేకుల మీద ఈ దీవెన మాటలే చెక్కి ఉన్నాయని చదివాను గాని, వాటిని పగవాడి కోసం కూడా పలకాలన్నది మీరు చెప్పేదాకా నాకు తట్టలేదు. దూషణకు ప్రతిదూషణ చేయక దీవించండని, అందుకే మీరు పిలువబడ్డారని పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం చెప్పేది, చిన్న ఆసియాలో, అంటే నేటి టర్కీ ప్రాంతంలో, నిందలు పడుతున్న విశ్వాసులకే కదా.

పొలం తగాదా ఇంకా తేలలేదు. ఆ రాత్రి మాత్రం మళ్లీ ఫోన్ చేసి, “అన్నా, తిన్నావా?” అని అడిగాను. అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత మా పిల్లల చదువు గురించి అడిగాడు.