నానిగాడి క్రెష్ గురించి కాదు గానీ

విజయనగరం

అమ్మలూ,

ఇక్కడ అందరం కులాసా. నాన్నగారికి మోకాలి నొప్పి తగ్గింది. తగ్గింది కదా అని మళ్లీ సైకిలెక్కుతున్నారు, చెప్తే వినరు. పెరట్లో పనస ఈసారి విరగకాసింది. నీకు ఫోన్ చేస్తే ఎత్తవు, ఎత్తినా "ల్యాబ్‌లో ఉన్నానమ్మా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే మధ్యలో పెట్టెయ్యలేవు కదా, అందుకే రాస్తున్నాను.

మొన్న పెళ్లిలో రాజ్యం పిన్ని కలిసింది. మీ క్యాంపస్‌లో నానిగాణ్ని వదిలే క్రెష్, అదే పిల్లల్ని చూసుకునే చోటు, ఎత్తేస్తారట, లేదా టెండరు పిలిచి ఎవరో ఏజెన్సీకి అప్పజెప్తారట అంది. రాజ్యం మాటల్లో సగం తీసెయ్యాలని నాకూ తెలుసు. మిగిలిన సగమే నాకు టెన్షన్. సరే, ఇప్పుడు ఆ సంగతి రాద్దామని కూర్చోలేదు.

పెద్దత్తయ్య వాళ్లు కోట దగ్గరి ఇల్లు అమ్మేశారు. బావిని ఏం చేస్తారో అని నాన్నగారి దిగులు. ఇంటి గురించి కాదు, బావి గురించి!

నానిగాడు పెరుగన్నం తింటున్నాడా? క్రెష్‌లో ఆయా పెడితే తింటాడు, నేను పెడితే ఉమ్మేస్తాడని పండక్కి వచ్చినప్పుడు నవ్వుతూ చెప్పావు. ఆ ఆయా ఉంటుందా, పోతుందా? నాకు తెలియాల్సింది అదొక్కటే. గోడలకి బొమ్మలు ఎవరైనా వేయిస్తారు, కొత్త ఉయ్యాల ఎవరైనా కొంటారు. ఏజెన్సీ వచ్చిందంటే ముందు మారేది మనుషులు. తక్కువ జీతానికి ఎవరొస్తే వాళ్లని పెడతారు, ఆ జీతంతో గడవక వాళ్లూ నాలుగు నెలలకి వెళ్లిపోతారు. బోర్డు మీద మాత్రం క్రెష్ అనే ఉంటుంది.

సమ్మె రోజులు నీకు గుర్తుండే ఉంటాయి, నేనింకా అంగన్‌వాడీ సూపర్‌వైజర్ డ్యూటీలోనే ఉన్నాను. 2023 డిసెంబరులో అంగన్‌వాడీ వాళ్లు మొదలుపెట్టి 42 రోజులు చేశారు, సంక్రాంతి కూడా శిబిరంలోనే అయింది. మధ్యలో ఎస్మా, అదే సమ్మెలు ఆపించే చట్టం, కూడా పెట్టారు. సెంటర్లు మూతపడితే ఎలా అని తాళాలు పగలగొట్టించి, గ్రామ సచివాలయం వాళ్లని కూర్చోబెట్టారు. నా సెక్టార్లో ఒక ఊళ్లో అలా ఒక కుర్రాణ్ని వేశారు. మంచివాడు, పాపం. సొంత డబ్బులతో బిస్కెట్లు కూడా తెచ్చాడు. నేను వెళ్లేసరికి గది శుభ్రంగా ఉంది, రిజిస్టరు నీట్‌గా ఉంది, గుడ్లు ఉడికి గిన్నెలో అలాగే ఉన్నాయి. పిల్లలు మాత్రం గోడకి ఆనుకుని, ఎవరి చెప్పులు వాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇంటికి వెళ్లిపోవడానికి సిద్ధంగా అన్నమాట. మూడేళ్ల పిల్ల ఒకతి ఏడ్చి ఏడ్చి వెక్కుతోంది. ఆ పిల్లకి పచ్చసొన తీసేసి తెల్లది మాత్రం అన్నంలో చిదిపి పెట్టాలట, అప్పుడే తింటుంది. ఆ కుర్రాడికెలా తెలుస్తుంది? ఏ రిజిస్టర్లో రాసి ఉంటుంది? సాయంత్రం వస్తూ శిబిరం దగ్గర ఆగాను. ఆయా నన్ను చూసి లేచి నిలబడింది. జీతం ఊసు లేదు, ప్రభుత్వం ఊసు లేదు. "మేడమ్, అది గుడ్డు తిందాండీ?" అంది. తినలేదని చెప్పాను. మళ్లీ కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. పక్కనే మైకులో నినాదాలు. నేను ఆఫీసుకి పంపిన రిపోర్టులో "సెంటరు తెరిచి ఉన్నది" అని రాశాను, అదీ నిజమే.

ఎక్కడికో వెళ్లిపోయాను. లెక్చర్ ఇవ్వకూడదని అనుకుంటూనే రాస్తున్నాను, చదువు. 2017లో మెటర్నిటీ చట్టం మార్చినప్పుడు 50 మందీ అంతకు మించీ పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చన్నారు. మరుసటి ఏడాది కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో, మూడేళ్ల లోపు పిల్లలైతే పదిమందికి ఒక వర్కరు, ఒక హెల్పరు ఉండాలని ఉంది. పదిమంది కూడా ఎక్కువే అని నేనంటాను. ఒకడికి లాగు మారుస్తుంటే ఇంకొకడు ఇసుక తింటాడు. కానీ ఆ చట్టం ఉద్యోగులకి. పీహెచ్‌డీ చేసేవాళ్లు ఉద్యోగుల లెక్కలోకి రారు. మీకు యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ ఇచ్చింది 240 రోజుల ప్రసూతి సెలవు, అదీ మొత్తం కోర్సులో ఒక్కసారే, గడువు మీద రెండేళ్లు అదనం. ఆ సెలవు నువ్వు వాడేసుకున్నావు. సెలవు అయిపోయాక పిల్లాణ్ని ఎక్కడ పెట్టాలో ఆ సెలవు రూల్లో లేదు.

అందుకని స్కాలర్లే విడిగా వెళ్లి అడక్కండి. ఆఫీసులో పనిచేసే ఆడవాళ్లనీ, మెస్సులో చేసేవాళ్లనీ, ఊడ్చేవాళ్లనీ కలుపుకోండి. చట్టం బలం వాళ్లకుంది, కాగితం రాసే ఓపిక మీకుంది. ఆ మార్గదర్శకాల్లోనే తల్లిదండ్రులతో పర్యవేక్షణ కమిటీ వెయ్యాలని కూడా ఉంది, అది ముందు వేయించండి. ఏజెన్సీ వచ్చినా సరే, ఇప్పుడున్న ఆయాల్ని కదపకూడదనీ, జీతం తగ్గించకూడదనీ టెండరులోనే రాయించండి. తర్వాత బతిమాలితే కాదు. ఫీజు కొంచెం పెంచుతామంటే ఒప్పుకో, నేను పంపిస్తాను. అల్లుడుగారికి చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. చదువు ఆపేస్తానన్నావని కూడా రాజ్యం అంది. నేను నమ్మలేదు. నమ్మలేదు గానీ, అన్నావా?

పిల్లాణ్ని ఇక్కడికి తెచ్చేసుకుందాం అని నాన్నగారు రోజూ అంటున్నారు. నాకు చేతకాక కాదు, వాడొస్తే ఇల్లంతా వెలుగు. కానీ రెండేళ్లవాడు రాత్రి అమ్మ పక్కన పడుకోవాలి. నువ్వు వాణ్ని ఇక్కడ వదిలి వెళ్తే అక్కడ థీసిస్ ఏం రాస్తావు? రోజంతా వీడియో కాల్‌లోనే ఉంటావు. కావాలంటే నేనే వచ్చి నెల రోజులుంటాను. మీ క్వార్టర్లో ఆ వంటగది తలుపు మాత్రం బాగు చేయించు.

నువ్వు పొద్దున టిఫిన్ తింటున్నావా? ఫోటోలో మెడ ఎముకలు కనిపిస్తున్నాయి. ఐరన్ మాత్రలు కాఫీతో వేసుకోకు అని చెప్పాను. సున్నుండలు చేశాను, వచ్చే వారం మామయ్య హైదరాబాద్ వస్తున్నాడు, ఇచ్చి పంపుతాను. నువ్వు తినాలి, ల్యాబ్‌లో అందరికీ పంచకు. విడిగా కట్టిన పొట్లం ఆ ఆయాకి.

రిజిస్ట్రారుకి రాసే కాగితం ముందు నాకు ఫోటో తీసి పంపు, దిద్దుతాను. ఇంగ్లీషు నీదే బాగుంటుంది గానీ ఆఫీసు భాష నాకు తెలుసు. కోపంగా రాయకు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ముట్టినట్టు స్టాంపు, తేదీ వేయించుకుని నీ దగ్గర ఉంచుకో. స్టాంపు లేకపోతే సంతకమైనా పెట్టించుకో, వదలకు.

అమ్మ