పటంలో పూడిపోయిన చెరువులు: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో చెక్ డ్యాంలకూ ఊట కుంటలకూ స్థలాలు చూపిస్తూ వచ్చిన పటాల మీద ఇప్పటికి మూడు అర్జీలు ఇచ్చాం. రసీదులు వచ్చాయి, జవాబు రాలేదు. పనులు మొదలవ్వకముందే తమరు ఈ ఒక్క విషయం స్వయంగా చూడాలి.

ఆ పటాల్లో మా చెరువులు లేవు. గీయడం మరిచిపోలేదు, లెక్కలోనే వాటిని పూడ్చేశారు. ఎత్తుపల్లాల డేటా మీద నీటి దారులు గీసేముందు సాఫ్ట్‌వేర్‌లో ‘ఫిల్ సింక్స్’ అనే పని నడుస్తుంది. నీరు బయటికి పోయే దారి లేని ప్రతి పల్లాన్నీ అది డేటాలో దొర్లిన తప్పుగా లెక్కేసి అంచుదాకా నింపేస్తుంది. ఉపగ్రహ డేటాలో అలాంటి తప్పులు నిజంగానే ఉంటాయి కాబట్టి ఆ పని అవసరమే. కానీ కట్ట వెనుక ఎండిపోయి ఉన్న కుంట కూడా దానికి తప్పుడు గుంతలాగే కనిపిస్తుంది. దాన్నీ నింపి, నీటిని కట్ట మీదుగా కిందికి పంపేస్తుంది. గొలుసుకట్టులో పై చెరువు మరువ (అలుగు) పారితేనే కింది చెరువుకు నీరు. పటంలో మాత్రం పడిన వాన ఎక్కడా ఆగకుండా కిందిదాకా వచ్చేస్తుంది. సరిగ్గా అక్కడ చుక్క పెట్టి ‘అత్యంత అనుకూలం’ అని రాశారు.

లెక్క చూడండి. ఒక చుక్కకు ఎగువన 200 హెక్టార్ల పరీవాహకం ఉందనుకుందాం. 50 మి.మీ. వాన పడి, నేల ఎంత వాననీటిని పారనిస్తుందో చెప్పే కర్వ్ నంబర్ 80 అయితే పారే నీరు 13.8 మి.మీ., అంటే 27,600 ఘనపు మీటర్లు. పటం నమ్మేది ఇదే. అందులో 150 హెక్టార్ల నీరు 20,000 ఘనపు మీటర్లు పట్టే పాత కుంటలోకి వెళితే, ఖాళీ కుంట నిండాక మరువ దాటేది 700 మాత్రమే. మిగతా 50 హెక్టార్ల నుంచి 6,900. డ్యాంకు చేరేది మొత్తం 7,600. వేరుశనగ చేలకు గట్లు వేసి ఉండి కర్వ్ నంబర్ 70కి దిగిందా, పారేది 5.8 మి.మీ.కు పడిపోతుంది. ఆ పై కుంట సగం కూడా నిండదు, డ్యాంకు 2,900 మించి రాదు. ఏడాది మొత్తానికి 550 మి.మీ. వాన చూసే ప్రాంతంలో 27,600 నమ్ముకుని కట్టిన డ్యాం ఎన్నిసార్లు నిండుతుందయ్యా?

చుక్క పాత చెరువుకు ఎగువన పడితే ఇంకా ప్రమాదం. కింది ఆయకట్టు ఎండుతుంది, ఊళ్ల మధ్య తగవు మిగులుతుంది.

వాడిన డేటాలో ఒక్కో గడి 30 మీటర్లు, అంటే 22 సెంట్ల నేల. ఆరేడు మీటర్ల వంక అందులో దొరకదు, రోడ్డు కింది కల్వర్టు అసలే దొరకదు. నీటి దారి రెండు మూడు గడులు పక్కకు జరిగినా, ఆ అక్షాంశ రేఖాంశాలు పట్టుకుని వెళితే వంకలో కాదు, చేనులో నిలబడతాం. నేల కింద ఏముందో కూడా పై నుంచి తెలియదు. ఊట కుంటకు రెండు మూడు మీటర్ల గుంత తీసి చూడాల్సిందే. పరుపు బండ తగిలితే అక్కడ నీరు ఇంకదు, ఆవిరైపోతుంది.

పటాలు వద్దని మేము అనడం లేదు. సరిగ్గా చేస్తే వాటికి మించిన సాయం లేదు. 2016 నుంచి ఉపాధి హామీ పనులకు జియోట్యాగింగ్ చేసి, అంటే ఏ పని ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో గుర్తించి, ఇస్రో పటాల వెబ్‌సైటు భువన్‌లో ఎక్కిస్తూ వచ్చారు. పాత చెరువులు సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో (ఎత్తుపల్లాలు, చెరువులు, వంకలు చూపే పటాల్లో) ఉన్నాయి. అక్టోబరు, నవంబరు నెలల ఉపగ్రహ చిత్రాల్లో నిలిచిన నీరు స్పష్టంగా కనిపిస్తుంది. అన్నీ ప్రభుత్వం చేతిలో ఉన్నవే. వాటితో ముందు ప్రతి కట్టనూ గుర్తించి, కుంటలను నింపకుండా వదిలి, పరీవాహకాన్ని కట్ట కట్టకూ విడదీసి, ఎగువ నిల్వ తీసేశాక మిగిలే నీటికే కొత్త పని లెక్క కట్టమనండి. దయచేసి ఆ మాట ఒక్కటి ఆదేశంగా ఇవ్వండి.

తర్వాత ఆ పటాన్ని పెద్ద కాగితం మీద అచ్చువేసి గ్రామసభలో గోడకు అంటించమనండి. ఏ కట్ట ఎప్పుడు తెగిందో, ఏ వంక దారి మళ్లిందో ఊళ్లో నీరు కట్టేవాళ్లకు తెలుసు. వాళ్లు చూసి సరేననే దాకా ఏ చుక్క దగ్గరా జేసీబీ దించకుండా ఆపించండి.

ఇట్లు,
చెరువుల కింద సేద్యం చేసే ఆయకట్టు రైతులు